క్రికెట్‌కు పందెం కంపెనీల డబ్బు నిజంగా ఎంత అవసరం?

2024 జనవరి 25న ఉప్పల్ స్టేడియంలో ఇంగ్లండ్‌తో టెస్టు మొదలైంది. మన ఆటగాళ్ల తెల్ల చొక్కాల మీద, సరిగ్గా ఛాతీ దగ్గర, డ్రీమ్11 అనే ఫాంటసీ క్రికెట్ యాప్ పేరు ఉంది. గ్యాలరీలో కూర్చున్న ప్రేక్షకుడు అదే యాప్ తెరిచి డబ్బు కట్టి టీమ్ పెడదామంటే మాత్రం కుదిరేది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఫోన్ లొకేషన్ చూసి యాప్ తనంతట తానే ఎంట్రీ ఆపేసేది. వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 2న, రెండో టెస్టు విశాఖపట్నంలో. అక్కడా అదే పరిస్థితి. ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి నిషేధమే తెచ్చింది. తెలుగు రాష్ట్రాలు రెండూ వద్దన్న వ్యాపారం పేరును, ఆ రెండు రాష్ట్రాల్లోనే జరిగిన టెస్టుల్లో, జాతీయ జట్టు ఒంటి మీద వేసుకుని ఆడింది.

క్రికెట్ మొత్తం బెట్టింగ్ డబ్బు మీదే నడుస్తోందని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లున్నారు. లెక్కలు దగ్గర పెట్టుకుని చూస్తే అంత సులువుగా తేలదు. బీసీసీఐ ఆ డబ్బు మీద బతకడం లేదు. అది పోయినా బోర్డుకు నష్టం లేదని 2025 సెప్టెంబరులో అందరి కళ్లముందే రుజువైంది. నిజంగా ఆధారపడ్డవాళ్లు వేరే ఉన్నారు: ప్రసార సంస్థలు, చిన్న లీగులు, పెద్దగా పేరులేని టోర్నీలు. జెర్సీ మీద పేరు అందరికీ కనపడుతుంది కాబట్టి గొడవంతా దాని చుట్టూ తిరిగింది. అసలు ఆధారం ఉన్న చోటికి చర్చ వెళ్లనే లేదు.

మూడు రకాల వ్యాపారాలు

ముందు సరుకులను విడదీసుకోవాలి. మొదటిది ఫాంటసీ. మ్యాచ్‌లో ఆడే 22 మందిలోంచి, 100 క్రెడిట్ల హద్దులో, 11 మందిని ఎంచుకుంటారు. కెప్టెన్‌కు రెండింతల పాయింట్లు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. 2025 ఆగస్టు దాకా ఎంట్రీ ఫీజు కట్టి వేలమందితో, లక్షలమందితో పోటీ పడేవాళ్లు. రెండోది రమ్మీ, పోకర్. మూడోది అచ్చమైన బెట్టింగ్: ఎవరు గెలుస్తారు, ఈ ఓవర్లో ఎన్ని పరుగులు వస్తాయి, ఆరు ఓవర్ల సెషన్‌లో స్కోరెంత. ఈ మూడో రకం కంపెనీలు దాదాపు అన్నీ దేశం బయట రిజిస్టరైనవే.

మొదటి రెండు ఇక్కడ పన్ను కట్టి, ఆఫీసులు పెట్టుకుని, స్పాన్సర్లుగా దర్జాగా తిరగగలిగాయంటే దానికి మూలం పాత చట్టంలో ఉంది. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం 12వ సెక్షన్ కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలను మినహాయించింది. అలాంటి మినహాయింపు రమ్మీకి వర్తిస్తుందని తేల్చిన కేసు మనదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసుల దాడితో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసు అది. ఏ ముక్క పడింది, ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి అన్నవి గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1968 నాటి తీర్పుగా పేరుపడ్డ ఆ తీర్పు చెప్పింది. 1996లో గుర్రప్పందేల విషయంలోనూ సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది. 2017లో పంజాబ్, హరియాణా హైకోర్టు వరుణ్ గుంబర్ కేసులో ఫాంటసీ ఆటను నైపుణ్యం వైపు చేర్చింది. దాంతో పెట్టుబడులకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. 2008లో మొదలైన డ్రీమ్11 విలువ 2019 ఏప్రిల్‌కి వంద కోట్ల డాలర్లు దాటింది.

అయితే రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పందెం, జూదం రాష్ట్రాల జాబితాలో, 34వ పద్దులో ఉన్నాయి. ఆ అధికారంతోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు ఒడ్డితే నిషేధమేనన్నాయి. కోర్టు ఒకచోట సరేనన్నది, రాష్ట్రం ఇంకోచోట వద్దన్నది, టీవీ మాత్రం దేశమంతటికీ ఒకే ప్రకటన వేసింది. ఉప్పల్‌లో కనిపించిన దృశ్యం ఈ మూడింటి మధ్య ఖాళీలోంచి పుట్టింది.

వీళ్లు అందరికంటే ఎక్కువ ఎందుకు ఇవ్వగలరు

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 10,000 మంది తలా 49 రూపాయలు కట్టి ఒక కాంటెస్ట్‌లో చేరారనుకుందాం. మొత్తం 4,90,000. బహుమతులకు 4,00,000 పోతే వేదిక చేతికి 90,000. అంటే ప్రతి ఎంట్రీలో 18 శాతం పైచిలుకు. మ్యాచ్ ఎవరు గెలిచినా, ఎవరు డకౌటైనా ఆ 90,000 మారదు. ఐపీఎల్‌లో ఉన్న 74 మ్యాచ్‌లకూ ఒక్కొక్క ఎంట్రీ వేసినవాడు 3,626 రూపాయలు కడతాడు. సగటున అందులో 666 రూపాయలు పోతాయి. ఇది సగటు మాత్రమే. బహుమతి డబ్బులో పెద్ద వాటా పైనున్న కొద్దిమందికే వెళ్తుంది కాబట్టి, ఎక్కువమంది నష్టం సగటు కంటే ఎక్కువే ఉంటుంది. పైగా పెద్ద కాంటెస్టుల్లో ఒకరే ఇరవై దాకా టీమ్‌లు పెట్టుకునే వీలుండేది. ఒక్క టీమ్‌తో సరదాగా చేరిన కొత్తవాడు, ఆటగాళ్ల గణాంకాలను సాఫ్ట్‌వేర్‌లో వేసి ఇరవై టీమ్‌లు తయారుచేసుకొచ్చే వాడితో పోటీ పడేవాడు. నైపుణ్యం ఉందన్న మాట నిజమే. ఆ నైపుణ్యం ఎవరి దగ్గర ఉందో ప్రకటన చెప్పేది కాదు.

బెట్టింగ్ లెక్క ఇంకోలా ఉంటుంది. సరిసమాన జట్లకు బుకీ చెరో 1.90 ధర ఇస్తాడు, అంటే గెలిస్తే రూపాయికి రూపాయి తొంభై పైసలు. ఒక్కో వైపు 100 చొప్పున 200 వస్తే, గెలిచినవాళ్లకు 190 పంచి 10 ఉంచుకుంటాడు. 5 శాతమే కదా అనిపిస్తుంది. చేతిలో ఉన్న మొత్తాన్ని అదే ధరకు పదిసార్లు తిప్పితే సగటున మిగిలేది 60 శాతం. బంతి బంతికీ పందెం పెట్టే వీలున్న చోట పదిసార్లు తిప్పడానికి రెండు ఓవర్లు చాలు.

ఇప్పుడు ప్రకటన సంగతి. సబ్బుల కంపెనీ క్రికెట్‌లో ప్రకటన ఇస్తే, దాన్ని చూసి ఎవరు సబ్బు కొన్నారో దానికి ఎప్పటికీ కచ్చితంగా తెలియదు. యాప్ కంపెనీకి నిమిషాల్లో తెలిసిపోతుంది. ప్రకటన పడిన క్షణం నుంచి ఎన్ని కొత్త ఖాతాలు తెరిచారు, ఎన్ని డిపాజిట్లు వచ్చాయి, ఒక్కో ఖాతాకు ఖర్చెంత అయింది, ఆ ఖాతా రాబోయే నెలల్లో ఎంత తెస్తుంది అన్నది తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. ఖాతాకు అయిన ఖర్చు కంటే రాబడి ఎక్కువున్నంత కాలం పది సెకన్ల స్లాట్‌కు ఎంత అడిగినా ఇస్తుంది. వేలంలో వీళ్ల చెయ్యి ఎప్పుడూ పైన ఉండటానికి కారణం ఇదే.

ఇందులో అన్నిటికంటే విలువైన ముప్పై నిమిషాలు ఒకటుంది. ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌కు 7 గంటలకు టాస్, 7:30కి మొదటి బంతి. తుది జట్లు టాస్ దగ్గరే తెలుస్తాయి. ఫాంటసీ కాంటెస్టులు మొదటి బంతికి మూసేసేవాళ్లు. కాబట్టి టీమ్ మార్చుకోవడం, డబ్బు వేయడం, చివరి నిమిషపు ఎంట్రీలు అన్నీ ఆ అరగంటలోనే. టాస్ గెలిచిన కెప్టెన్‌తో మాట్లాడుతున్నప్పుడు, పిచ్ రిపోర్టు నడుస్తున్నప్పుడు, పక్కన వ్యాఖ్యాత తన ఫాంటసీ టీమ్ చెబుతున్నప్పుడు, అది ఆట ముందు కబురో ప్రకటనో చూసేవాడికి తేడా తెలిసేది కాదు. బ్రిటన్‌లో బెట్టింగ్ కంపెనీలు 2019 ఆగస్టు నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి: ప్రత్యక్ష ప్రసారానికి 5 నిమిషాల ముందు నుంచి ముగిశాక 5 నిమిషాల దాకా, రాత్రి 9 లోపు, టీవీలో పందెం ప్రకటనలు వేయవు. దానిలోనూ లొసుగులున్నాయి. కానీ అసలు గడియారం ఎక్కడుందో అక్కడివాళ్లు గుర్తించారు. మన ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ 2020 డిసెంబరులో తెచ్చిన నియమాలు వేళ జోలికి వెళ్లలేదు. 18 ఏళ్లలోపు వాళ్లను చూపకూడదు, సంపాదన మార్గంగా చెప్పకూడదు, ఆర్థిక నష్టభయం ఉంది, అలవాటుగా మారొచ్చు అన్న హెచ్చరిక ముద్రిత ప్రకటన స్థలంలో కనీసం 20 శాతం ఉండాలి అన్నాయి. హెచ్చరిక మాటలు ప్రకటన నడిచిన భాషలోనే, మామూలు వేగంతో చదవాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. చివర్లో గడగడా చదివేసిన ప్రకటనలు ఎన్ని విన్నామో అందరికీ తెలిసిందే.

ఆధారం ఎక్కడుంది

డ్రీమ్11 జాతీయ జట్టు జెర్సీకి ఒప్పుకున్నది 2023 జులై నుంచి మూడేళ్లకు 358 కోట్లు. ఏడాదికి దాదాపు 119 కోట్లు. 2023-24లో బీసీసీఐ ఆదాయం 9,700 కోట్లకు పైగా ఉన్నట్టు లెక్కలొచ్చాయి. అంటే జెర్సీ వాటా ఒక శాతం పైన కొంచెం. ఐపీఎల్‌కు మై11సర్కిల్ అనే ఇంకో ఫాంటసీ యాప్ ఒప్పుకున్నది ఐదేళ్లకు 625 కోట్లు, ఏడాదికి 125 కోట్లు. ఇదీ పెద్ద అంకే. కానీ అదే ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు అమ్మింది 48,390 కోట్లకు. 410 మ్యాచ్‌ల లెక్కన మ్యాచ్‌కు 118 కోట్లు. అంటే ఫాంటసీ స్పాన్సర్ ఏడాదంతా కట్టేది, ప్రసార సంస్థ ఒక్క మ్యాచ్‌కు కట్టే దానికి ఇంచుమించు సమానం.

ఆ 118 కోట్లు ప్రసార సంస్థ ఎక్కడ రాబట్టుకోవాలి? ఓవర్ల మధ్య, వికెట్ పడినప్పుడు, ఇన్నింగ్స్‌కు రెండేసి చొప్పున వచ్చే రెండున్నర నిమిషాల స్ట్రాటజిక్ టైమవుట్లలో, పది సెకన్ల చొప్పున అమ్ముకుని. అక్కడే ఫాంటసీ, రమ్మీ కంపెనీలు కొన్నేళ్ల పాటు ముందు వరుసలో కూర్చున్న కొనుగోలుదార్లు. ఎడ్యుటెక్, క్రిప్టో కంపెనీలు 2022 తర్వాత చల్లబడ్డాక వాటి బరువు మరీ పెరిగింది. క్రికెట్‌కు ఆ డబ్బు నేరుగా చేరిన దానికంటే, ప్రసార హక్కుల ధర రూపంలో చుట్టు తిరిగి చేరిందే ఎక్కువ. జెర్సీ మీద పేరు తీసేస్తే ఈ దారి మూసుకుపోదు. హక్కుల ధరను ఏ అంచనాల మీద పెంచారో, ఆ అంచనాల్లో ఈ ప్రకటనలున్నాయి.

దాని కింద ఇంకో అంతస్తు ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. 2020 కొవిడ్ కాలంలో పెద్ద క్రికెట్ ఆగిపోయింది. ఫాంటసీ యాప్‌కు మ్యాచ్ లేకపోతే దుకాణమే లేదు. అప్పుడు యూరప్‌లో డ్రీమ్11 పేరుతో జరిగిన, పసిఫిక్ దీవి వనువాటులో జరిగిన చిన్న టీ10 పోటీలు మన ఫోన్లలోకి వచ్చాయి. ఆ ప్రసారాలకు వేదికైన ఫ్యాన్‌కోడ్ కూడా డ్రీమ్11 మాతృసంస్థదే. స్టేడియంలో పట్టుమని వందమంది లేని మ్యాచ్ మీద వేల మైళ్ల దూరంలో టీమ్‌లు పెట్టేవాళ్లుండేవాళ్లు. ఇలాంటి చిన్న పోటీలకు ఆ సొమ్ము ఊపిరి పోసిందన్నది నిజం. కెమెరాలు, అంపైర్ల ఖర్చు, ఆటగాళ్ల భోజనం దానిలోంచే వచ్చాయి. ప్రేక్షకుడి కోసం కాక కాంటెస్ట్ కోసం జరిగే మ్యాచ్‌కు కాపలా ఎవరు కాయాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఎన్ని మ్యాచ్‌లుంటే అన్ని కాంటెస్టులు, అన్ని పందేలు. మ్యాచ్ నాణ్యతతో పనిలేదు. ఈ ఖాళీ ఎక్కడిదాకా పోతుందో చూపే సంఘటనలు రెండున్నాయి. 2020 జూన్‌లో శ్రీలంకలో 'ఊవా టీ20 లీగ్' జరుగుతోందని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం నడిచింది. ఆ మైదానం పంజాబ్‌లో మొహాలీ దగ్గర సవారా అనే ఊళ్లో ఉంది. 2022 జులైలో గుజరాత్‌లోని మొలిపుర్ గ్రామంలో పొలం చదును చేసి, కూలీలకు మ్యాచ్‌కు 400 రూపాయలిచ్చి, జెర్సీలు వేయించి, రష్యాలోని పందెగాళ్ల కోసం నకిలీ లీగ్ నడిపిన ముఠాను పోలీసులు పట్టుకున్నారు. రెండు చోట్లా కావాల్సిందల్లా కెమెరా, స్కోరుబోర్డు. తీసేవాడికి ఆట అక్కర్లేదు, చూసేవాడికీ అక్కర్లేదు.

'న్యూస్' అని తోక తగిలించిన పేర్లు

విదేశీ బెట్టింగ్ కంపెనీల దారి వేరు. వాటికి ఇక్కడ నైపుణ్యం అనే గొడుగు లేదు. అందుకని అసలు పేరుకే ఒక తోక తగిలిస్తాయి. ఫెయిర్‌ప్లేకి ఫెయిర్‌ప్లే న్యూస్, పరిమ్యాచ్‌కి పరిమ్యాచ్ న్యూస్, డఫాబెట్‌కి డఫా న్యూస్, 1ఎక్స్‌బెట్‌కి 1ఎక్స్‌బ్యాట్. పని ఇలా నడుస్తుంది. ముందు ఆ పేరుతో ఒక క్రీడావార్తల సైటు తెరుస్తారు. లోగో, రంగులు, అక్షరాల మలుపు అన్నీ బెట్టింగ్ సైటువే. వార్తలు నాలుగు ఉంటాయి, అవి ఎవరూ చదవకపోయినా పర్లేదు. స్పాన్సర్‌షిప్ ఒప్పందం ఆ వార్తల సంస్థ పేరు మీద రాసుకుంటారు. బౌండరీ బోర్డు మీద ఆ పేరు చూసినవాడు ఫోన్లో వెతికితే మొదట తగిలేది బెట్టింగ్ సైటో, దాని నకలో. ప్రకటన చేయాల్సిన పని అక్కడితో పూర్తయింది.

ఇది తప్పని చెప్పే కాగితాలకు కొదవ లేదు. వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలు ముసుగు ప్రకటనలను నిషేధించాయి. సమాచార, ప్రసార శాఖ అదే ఏడాది జూన్ 13న ఒకటి, అక్టోబరు 3న ఇంకోటి సలహాపత్రాలిచ్చింది. రెండోదాంట్లో ఈ న్యూస్ సైట్ల తీరును వివరంగా చెప్పింది. ఆ తర్వాత కూడా 2023లో, 2024లో మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. కారణం సాదాసీదాది. సలహాపత్రంలో శిక్ష లేదు. కేసు పెట్టాలంటే రాష్ట్ర పోలీసు, ప్రకటన వేసింది ముంబయి సంస్థ, సర్వరు ఇంకో దేశంలో, డబ్బు చెల్లించింది వేరే పేరున్న మరో కంపెనీ. ఒత్తిడి పనిచేసిన సందర్భాలు లేకపోలేదు. 2022 ఆగస్టులో బంగ్లాదేశ్ ఆటగాడు షకీబ్ అల్ హసన్ బెట్‌విన్నర్ న్యూస్‌తో కుదుర్చుకున్న ఒప్పందాన్ని, అక్కడి బోర్డు గట్టిగా నిలదీయడంతో రద్దు చేసుకున్నాడు. జట్టులో ఉండాలా, ఒప్పందం ఉంచుకోవాలా అని తేల్చుకోమన్నారు. మన దగ్గర 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా, యూట్యూబ్ ప్రముఖుల మీద కేసులు పెట్టాక గానీ ఆ వీడియోలు తగ్గలేదు.

ఆటగాళ్ల సంగతి ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. అవినీతి నిరోధక నియమావళి ప్రకారం ఆటగాడు ప్రపంచంలో ఎక్కడ జరిగే ఏ క్రికెట్ మ్యాచ్ మీదా పందెం కాయకూడదు. మ్యాచ్ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లే ముందు ఫోన్ అప్పగించాలి. జట్టు వివరాలు బయటికి చెప్పడం కూడా నేరమే. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ తర్వాత రెండు ఫ్రాంచైజీలు రెండేళ్లు సస్పెండయ్యాయి. 2016లో సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ, 2018లో లా కమిషన్ పందేన్ని నియంత్రణలోకి తేవడం గురించి ఆలోచించమని చెప్పాయి. ఇరవై ఏళ్ల కుర్రాడికి పాఠం చెప్పే బోర్డు, అదే కుర్రాడి చొక్కా మీద అతని ఆటతో డబ్బు ఒడ్డే వేదిక పేరు కుట్టించింది. చట్టం ప్రకారం ఫాంటసీ వేరు, బెట్టింగ్ వేరు. సరే. కానీ తుది జట్టులో ఎవరున్నారన్న సమాచారానికి రెండు చోట్లా విలువ ఒకటే.

2025 ఆగస్టులో ఏం తెగింది

పన్ను దెబ్బ ముందే తగిలింది. 2023 అక్టోబరు 1 దాకా వేదిక ఉంచుకున్న కమీషన్ మీదే 18 శాతం జీఎస్టీ. ఆ తేదీ నుంచి ఆటగాడు వేసిన మొత్తం డిపాజిట్ మీద 28 శాతం. 100 వేస్తే అందులో 21 రూపాయల 88 పైసలు పన్ను, ఆడటానికి మిగిలేది 78 రూపాయల 12 పైసలు. ఆడేవాళ్లు జారిపోకుండా చాలా కంపెనీలు ఆ తేడాను బోనస్ రూపంలో తామే భరించాయి. అంటే లాభం సన్నబడింది, ప్రకటనల అవసరం మాత్రం తగ్గలేదు.

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లును లోక్‌సభ ఆగస్టు 20న, రాజ్యసభ 21న ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకమైంది. ఏటా 45 కోట్లమంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం చెప్పింది. 'నైపుణ్యమా, అదృష్టమా' అన్న అరవై ఏళ్ల వాదనను చట్టం పక్కన పెట్టేసింది. గెలుస్తామన్న ఆశతో డబ్బు కడితే చాలు, అది ఆన్‌లైన్ మనీ గేమ్. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన ఇస్తే రెండేళ్లు, 50 లక్షలు. చెల్లింపులు జరిపే బ్యాంకులు, సంస్థలకూ నడిపినవాళ్లతో సమానమైన శిక్ష. నేరుగానైనా, పరోక్షంగానైనా ప్రచారం చేయకూడదన్న మాట చట్టంలోనే ఉంది కాబట్టి, న్యూస్ అన్న తోక ఇక కాపాడదు. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను సుప్రీంకోర్టు సెప్టెంబరులో తన దగ్గరికి మార్చుకుంది.

డ్రీమ్11 డబ్బు కాంటెస్టులు మూసేసింది. గ్రూపు ఆదాయంలో 95 శాతం పోయిందని సంస్థ అధిపతులు చెప్పారు. జెర్సీ ఒప్పందం మధ్యలోనే ఆగింది. సెప్టెంబరులో యూఏఈలో ఆసియా కప్‌ను భారత జట్టు స్పాన్సర్ పేరు లేని చొక్కాలతో ఆడి గెలిచింది. ఈలోగా బోర్డు సెప్టెంబరు 2న కొత్త టెండరు పిలిచింది. 16న అపోలో టైర్స్ 2028 మార్చి దాకా 579 కోట్లకు దక్కించుకుంది. 121 ద్వైపాక్షిక మ్యాచ్‌లు, 21 ఐసీసీ మ్యాచ్‌లు కలిపి చూస్తే మ్యాచ్‌కు సగటున 4 కోట్లు దాటింది. పందెం డబ్బు లేకపోతే జెర్సీకి ధర పలకదన్న వాదన రెండు వారాల్లో తేలిపోయింది.

దీని నుంచి ఇంకో సంగతి కూడా గమనించాలి. జెర్సీ మీద పేర్ల వరుస చూడండి: సహారా తర్వాత స్టార్, ఒప్పో, బైజూస్, డ్రీమ్11. ఐదేళ్లకు 1,079 కోట్లకు ఒప్పుకున్న ఒప్పో రెండేళ్లకే తప్పుకుంది. బైజూస్ 158 కోట్ల 90 లక్షలు బాకీ పడితే బోర్డు దివాలా ట్రిబ్యునల్‌కు ఎక్కింది. ఒప్పో, బైజూస్ గ్యాంబ్లింగ్ కాకపోయినా డ్రీమ్11తో వాటికి ఒక పోలిక ఉంది. అన్నీ ఆ సమయంలో ఎంత ఖర్చయినా కొత్త వాడుకరులను పోగేయాలని పరుగెత్తిన రంగాల కంపెనీలే. 2020లో వివో ఏటా కట్టే సుమారు 440 కోట్లు ఆగిపోయినప్పుడు, 222 కోట్లతో ఐపీఎల్ టైటిల్ పట్టుకున్నది డ్రీమ్11 కావడం కూడా ఈ వరుసలోదే. వేలంలో పెద్ద అంకె వేసినవాడే గెలిచే పద్ధతిలో, మిగతావాళ్లు ఇవ్వలేనంత డబ్బు ఎవరు ఎందుకు ఇస్తున్నారన్న ప్రశ్న వేసే అంచె లేదు.

దెబ్బ తగిలింది కింది అంతస్తుకు. ఫాంటసీ భాగస్వామి పేరు మీద బండి లాగిన కబడ్డీ, ఫుట్‌బాల్ లీగులు, రాష్ట్ర స్థాయి టీ20 పోటీలు, యూట్యూబ్‌లో మ్యాచ్ విశ్లేషణ చేసే వందలాది చిన్న ఛానెళ్లు. వాళ్లకు టైర్ల కంపెనీ వరుసలో నిలబడి లేదు.

ఖాళీలోకి ఎవరొస్తారు

దేశీయ కంపెనీలు తప్పుకున్నంత మాత్రాన ఆడే కోరిక పోదు. ఐటీ చట్టం కింద వెయ్యికి పైగా సైట్లు, యాప్‌లను కేంద్రం మూయించింది. మూసిన సైటు ఒక అక్షరం తేడాతో మర్నాడు లేస్తుంది. వీటి డబ్బు దారి తెలిసి ఉండటం మంచిది. ప్లే స్టోర్‌లో ఉండవు కాబట్టి టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఏపీకే ఫైలు పంపిస్తారు. డబ్బు వేయమన్నప్పుడు చూపించే యూపీఐ ఐడీ ఏదో ఒక కిరాణా దుకాణం పేరుతోనో, ముక్కూముఖం తెలియని వ్యక్తి పేరుతోనో ఉంటుంది, రోజుకొకటి మారుతుంది. అవి కమీషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలు. వేరే మోసం కేసులో పోలీసులు ఆ ఖాతాను ఆపితే, దానికి డబ్బు పంపినవాళ్ల, దాన్నుంచి గెలుపు డబ్బు అందుకున్నవాళ్ల ఖాతాలూ ఆగిపోతాయి. జీతం పడే ఖాతా ఉన్నట్టుండి స్తంభించాక గానీ చాలామందికి సంగతి అర్థం కాదు. మోసపోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోతుంది. ఆట మానలేకపోతున్న వాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడేవాళ్లుంటారు.

బీసీసీఐ 2025 టెండరులో కొన్ని మంచి కంచెలు వేసింది. బెట్టింగ్, మనీ గేమింగ్, క్రిప్టో, పొగాకు, మద్యం కంపెనీలకు ప్రవేశం లేదు. భారత్‌లోనే కాదు, ప్రపంచంలో ఎక్కడ పందెం వ్యాపారం చేసినా అనర్హతే. వేరే పేరుతో, వేరే లోగోతో ఇంకొకరి తరఫున బిడ్ వేయడాన్ని ముసుగు బ్రాండింగ్‌గా నిర్వచించి మరీ మూసింది. మూడేళ్ల సగటు టర్నోవరో, నికర విలువో కనీసం 300 కోట్లుండాలంది. బిడ్ పత్రాలకే 5 లక్షలు, తిరిగిరావు.

జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల నిర్వాహకుల దగ్గర ఇంత పకడ్బందీ పత్రాలుండవు. కనీసం నాలుగు పనులు చేయొచ్చు. స్పాన్సర్ సంస్థ అసలు యజమాని ఎవరో రాతపూర్వకంగా అడగాలి. దాని ట్రేడ్‌మార్క్ ఏ తరగతిలో ఉందో, అదే గుర్తు విదేశాల్లో పందెం సేవలకు రిజిస్టరైందేమో చూడాలి. వినోద సేవల 41వ తరగతిలోకే జూదమూ వస్తుంది కాబట్టి, తరగతి ఒక్కటే చూస్తే సరిపోదు, సేవల వర్ణన చదవాలి. పేరును మామూలు ఫోన్లో వెతికి, మొదటి పేజీలో ఏం వస్తుందో చూసి ఆ తెరను దాచుకోవాలి. చట్టం మారితే ఒప్పందం ఆగిపోతుందన్న నిబంధన ఎలాగూ ఉంటుంది కనుక, సీజన్ సొమ్ములో సగమైనా మొదటి మ్యాచ్‌కు ముందే చేతికి రావాలని రాసుకోవాలి. అంపైర్లకు, స్కోరర్లకు ఇవ్వాల్సింది ఆ సగంలోంచి ముందే పక్కన పెట్టాలి. స్పాన్సర్ మధ్యలో మాయమైన ప్రతిచోటా చివరిదాకా డబ్బు అందనిది వాళ్లకే.